మామగారి అంబాసిడర్, ఒక తెల్లతీగ

తెలుగు పండితుడికి మోటారుకారు తీగలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు కారు నడపడం రాదు. ముప్పై మూడేళ్లు బడిలో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి, సైకిలు మీదనే ఉద్యోగం వెళ్లదీసి, సైకిలు మీదనే ఇంటికి చేరినవాణ్ణి. మా ఇంట్లో కారు నడిపేది మా ఆవిడ. ఆ కారు ఆమె తండ్రిగారిది. 1964లో కొన్న మార్క్ 2 అంబాసిడర్.

మామగారు రేపల్లె ప్రాంతంలో వైద్యులు. అర్ధరాత్రి పురిటి కబురు వస్తే ఆ కారులోనే వెళ్లేవారట. మా ఆవిడ పద్దెనిమిదో ఏట కాలవకట్ట మీద దాన్ని నేర్చుకుంది. 1984లో మా పెళ్లయ్యాక అత్తవారింటికి ఆ కారులోనే, తానే నడుపుకుంటూ వచ్చింది. పెళ్లికొడుకుని నేను పక్కసీటులో చేతిరుమాలు నలుపుకుంటూ కూర్చున్నాను. తెనాలిలో మా వీధివారు ఆ దృశ్యాన్ని చాలాకాలం చెప్పుకున్నారు. మామగారు పోయాక కారు మా వాకిట్లోకి వచ్చింది.

2016 వేసవిలో నీళ్లు మరిగిపోయి, ఇంజను దిమ్మ పగిలింది. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ ఇంజను. అంబాసిడరే ఆ దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి మన ఉత్తర్‌పాడా కర్మాగారంలో జరిగిన పునర్జన్మ కదా. ఆ కర్మాగారంలో కార్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. వెతగ్గా వెతగ్గా పాత దిమ్మలు రెండు దొరికాయి గానీ, రెండూ చివరి సైజుదాకా బోరింగు చేసినవే. ఇక తొలవడానికి ఇనుము మిగల్లేదు. కారు ఆరేళ్లు షెడ్డులో పడి ఉంది.

నాకు ఆ స్థితి బాధగా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే తృప్తిగానే ఉండేది. ఆదివారం నాడు దుమ్ము తుడిచి, తలుపు తీసి, ఆ పాత తోలు వాసన పీల్చి వచ్చేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టుగా ఉంచుదాం, ఒక స్మారకంగా, అన్నాను. మా ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది. "నడవని కారు నాకెందుకండీ? చూసుకోవడానికి నాన్నగారి ఫోటో ఉందిగా."

2023లో విజయవాడ ఆటోనగర్ నుంచి కబురు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయం వేలంలో అమ్మిన తెల్ల అంబాసిడర్ ఒకటి తుక్కుకు వచ్చిందనీ, దానిలో ఇసుజు ఇంజను చెక్కుచెదరకుండా ఉందనీ. 1990ల తొలినాళ్లలో హిందుస్తాన్ మోటార్స్ వారే జపాను ఇసుజు వారి 1817 సీసీ పెట్రోలు ఇంజనును అంబాసిడర్‌లో పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత దానికి కార్బురేటరు పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. పరాయింటిదే అయినా, అప్పటికే ఆ ఇంట కోడలై కాపురం చేసిన ఇంజను అన్నమాట. నా శుద్ధవాదానికి కొంత ఊరట.

పని చేసిన ఎలక్ట్రీషియను మా బడిలో చదివినవాడే. వయసు నలభై దాటినా నాకు కుర్రవాడే. పదో తరగతిలో గణవిభజన చేయమంటే గురులఘువులు పెట్టకుండా ఖాళీ కాగితం ఇచ్చిన ఘనుడు. వాడు చెప్పిన మొదటి సంగతి ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం: "ఇంజను ఒక్కటే కొనొద్దు మాస్టారూ. ఆ కారులో ఉన్న వైరింగ్ కిట్టు, ఈసీఎం డబ్బా, రిలేలు, పెట్రోలు పంపు, ఆఖరికి తాళంచెవితో సహా కొనండి. తీగ ఒక్కటి కూడా కత్తిరించనివ్వొద్దు." ఇంజను తీసేవాళ్లు తొందరలో తీగలు కోసేస్తారట. కోసిన తీగల్ని మళ్లీ గుర్తుపట్టడం, చెదలు తిన్న తాళపత్రంలో పోయిన పాదాన్ని ఊహించడం లాంటిదే.

పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అనుమతికి దరఖాస్తు పెట్టాం. ఇంజను మారితే రిజిస్ట్రేషన్ పత్రంలో నంబరు మారాలి. ఆ కాగితాల ప్రయాణం వేరొక టపా అవుతుంది. పని అయ్యాక కాదు, ముందే అడగాలి. అంతవరకు చెప్పి వదిలేస్తాను.

ఇప్పుడు తీగల సంగతి. నేను రోజూ బస్సెక్కి వెళ్లి, ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. చూడగా చూడగా తెలిసిందేమంటే, మామగారి కారులో తీగలకు ఒక వ్యాకరణం ఉంది. ఆనాటి బ్రిటిష్ కార్లలో లూకాస్ వారి రంగుల పద్ధతి నడిచేది. గోధుమరంగు తీగలో బ్యాటరీ కరెంటు ఎల్లవేళలా ఉంటుంది. తెల్లతీగలోకి తాళం తిప్పితేనే వస్తుంది. ఆకుపచ్చది, తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఎరుపు చిన్న దీపాలది, నలుపు ఎర్తుది. నీలం పెద్ద దీపాలది. దాని మీద తెల్లగీత ఉంటే బ్రైటు, ఎర్రగీత ఉంటే డిమ్ము. అసలు రంగు విశేష్యం, గీత విశేషణం. ఇంత చక్కని శాస్త్రాన్ని అరవయ్యేళ్ల దుమ్మూ నూనే కలిసి ఒకే మట్టిరంగు చేసేశాయి. గుడ్డ అల్లికను చివర్లో కొద్దిగా చీల్చి చూస్తే తప్ప రంగు తెలియదు. లోపలి రబ్బరు వేలితో నొక్కితే అప్పడంలా విరిగేది. మొత్తం కారుకు రెండే ఫ్యూజులు. గోధుమరంగు తీగకు అసలు ఫ్యూజే లేదు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

కొత్త కిట్టుకు మరో నిఘంటువు. ఆ రంగులు వేరు, అర్థాలు వేరు. ఒకే రంగు ఇక్కడొక అర్థం, అక్కడొక అర్థం. నానార్థాల విషయంలో కవి పొరపడితే పద్యం చెడుతుంది. ఇక్కడ పొరపడితే ఈసీఎం మాడుతుంది.

అసలు మొదటి చిక్కు ఎర్తు దగ్గరే వచ్చింది. ఆ కాలపు బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం మామగారి కారులో బ్యాటరీ ధనధ్రువం బాడీకి కలిపి ఉంది. నేటి కార్లన్నిటిలో ఋణధ్రువం కలుపుతారు. ముందు దాన్ని తలకిందులు చేయాలి. దీపాలకూ హారనుకూ ఇటైనా అటైనా ఒకటే. పాత వైపరు మోటారులో అయస్కాంతం కూడా తీగచుట్టదే కనుక అది కూడా మునుపటి దిక్కుకే తిరిగింది. డైనమో, దాని కటౌటు పెట్టె ఎలాగూ పోతున్నాయి, వాటి స్థానంలో ఆల్టర్నేటరు వస్తోంది. తలకిందులు ఒప్పుకోనిది మామగారి రేడియో ఒక్కటే. దాన్ని విప్పలేదు, కరెంటు మాత్రం తీసేశాం. ఇప్పటికీ దాని స్థానంలో అది ఉంది, మౌనంగా.

కార్బురేటరు కారుకు బుద్ధి అక్కర్లేదు. ఇంజను పీల్చుకుంటే పెట్రోలు వస్తుంది. ఇంజెక్షన్ ఇంజను అలా కాదు. ఎంత పెట్రోలు, ఏ క్షణాన, స్పార్కు ఎప్పుడు అన్నీ ఈసీఎం లెక్కగట్టి చెప్పాలి. దానికోసం అది అడుగడుగునా సమాచారం అడుగుతుంది: క్రాంకు ఎంత వేగంతో తిరుగుతోంది, గాలి ఎంత వస్తోంది, నీళ్ల వేడి ఎంత, కాలు ఎంత తొక్కింది. మా శాస్త్రంలో వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంటారు. ఆకాంక్ష ఇక్కడ స్పష్టమే. క్రాంకు సెన్సరు జవాబివ్వకపోతే ఈసీఎం అక్కడే ఆగిపోతుంది, స్పార్కూ లేదు, పెట్రోలూ లేదు. యోగ్యత కూడా సరే. చాలా సెన్సర్లకు 12 వోల్టులు తగవు, ఈసీఎం తానే 5 వోల్టులు కొలిచి ఇస్తుంది, ఆ తీగ తిరిగి ఈసీఎంకే చేరాలి, బాడీకి కలపకూడదు. సన్నిధి దగ్గర మాత్రం శాస్త్రం తిరగబడింది. క్రాంకు సెన్సరు తీగను ప్లగ్గు తీగల సన్నిధిలో పెడితే లేనిపోని మాటలు విని ఇంజను తడబడుతుందట. అందుకే దానికి లోహపు అల్లిక తొడుగు, ఆ తొడుగుకు ఒక్క చివరనే ఎర్తు. ఈ మాట విని కుర్రవాడు నవ్వాడు. "మీరు బడిలో ఇలా చెప్పుంటే నేను పాసయ్యేవాణ్ణి మాస్టారూ."

ఇంతదాకా బాగానే ఉంది. ఇక నేను చేసిన పని చెప్పాలి.

వాడి ప్రణాళిక సులభం. కొత్త ఇంజనుకు వేరే కిట్టు, వేరే ఫ్యూజు పెట్టె, నేరుగా బ్యాటరీ నుంచి దళసరి తీగ. పాత కిట్టు దీపాలకు, హారనుకు మాత్రమే, అందులోనూ ప్రధానమైన తీగలు మార్చాలి. నేను అడ్డుపడ్డాను. మామగారి కారులో గుడ్డచుట్టిన తీగ ఒక్కటి కూడా కదపవద్దన్నాను. ఇంజను పోయింది, గేరుబాక్సు పోయింది, ఆ తీగలైనా మిగలనీ అన్నాను. తాళం నుంచి వచ్చే తెల్లతీగ ఉంది కదా, కొత్త ఇంజనుకు దాని నుంచే కరెంటు ఇవ్వమన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "దాని మీద బరువెక్కువవుద్ది మాస్టారూ." మళ్లీ చెప్పాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "బడిలోనూ నువ్వింతే, చెప్పింది రాయకుండా ఎదురు వాదించేవాడివి." వాడి కింద పనిచేసే పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. వాడు తలవంచుకుని, నేను చెప్పినట్టే కలిపాడు.

ఆ తెల్లతీగ అరవయ్యేళ్లుగా ఇగ్నిషన్ కాయిలుకు మూడు నాలుగు ఆంపియర్లు, మరికొన్ని చిల్లర పనులకు ఇంకొంచెం మోస్తూ వచ్చింది. ఇప్పుడు దాని నెత్తిన దాదాపు 3 బార్ల ఒత్తిడితో పెట్రోలు తోసే పంపు, ఇంజెక్టర్లు, కాయిళ్లు, ఈసీఎం అన్నీ కలిపి పదిహేను ఆంపియర్లు దాటిన బరువు. ఈ లెక్క నాకు ఆ రోజు తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు.

తొలిసారి స్టార్టు చేసే రోజున మా ఆవిడను తీసుకెళ్లాను. తానే కూర్చుంటానంది. కొబ్బరికాయ కొట్టారు. సెల్ఫు తిరిగింది, ఇంజను అందుకుంది. ఆ శబ్దం మామగారి కారు శబ్దం కాదు, మెత్తగా కుట్టుమిషనులా ఉంది. మా ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి నవ్వుతోంది. రెండు మూడు నిమిషాలు గడిచాయో లేదో, "ఏమండీ, ఏదో మాడు వాసన" అంది. డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నని పొగ.

వాడు కిటికీలోంచి చెయ్యిపెట్టి తాళం ఆపేశాడు. ఇంజను ఆగింది, పొగ ఆగలేదు. వేడికి తెల్లతీగ తొడుగు కరిగి, పక్కనున్న గోధుమరంగు తీగను ఒలిచేసింది. దానికి ఫ్యూజు లేదు, తాళంతో నిమిత్తమూ లేదు. అది బాడీకి తగిలి నిప్పులు చిమ్మడం మొదలెట్టింది. మా ఆవిడను ఎవరో తలుపు తీసి బయటికి లాగారు. వాడు బానెట్ కిందకు ఉరికి, స్పానరు వెతికే వ్యవధి లేక, చేతిగుడ్డతోనే బ్యాటరీ క్లాంపును పట్టి ఊడబెరికాడు. అప్పటికి అది కాలిపోతోంది. వాడి కుడిచేతి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. పెట్రోలు గొట్టం ఆ పక్కనే ఉంది. అంతకంటే రాయడానికి నా చేయి రావడం లేదు.

కొంచెం నెమ్మదించాక మా ఆవిడ అడిగింది, ఎలా జరిగిందని. వాడు వేళ్లు నీళ్లలో ముంచుకుని, నా వైపు చూడకుండానే చెప్పాడు: "నాదే పొరపాటమ్మగారూ, పాత తీగ చూసుకోలేదు."

నేను ఆ ప్లాస్టిక్ స్టూలు పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

నాలుగు రోజులు అనలేదు. ఈ నాలుగు రోజుల గురించి రాయాలనే ఈ టపా మొదలెట్టాను గానీ, తీరా ఇక్కడికొచ్చేసరికి రాయడానికేమీ లేదు. అన్నం తిన్నాను, పేపరు చదివాను. ఎంతమంది పిల్లలచేత సత్యహరిశ్చంద్రుడి పాఠం అప్పగింపించుకున్నానో లెక్కేసుకున్నాను. ఐదో రోజు ఉదయం కాఫీ దగ్గర మా ఆవిడతో చెప్పేశాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "తీగ మార్చొద్దని మీరు వాడితో గట్టిగా అన్న రోజు ఇంటికొచ్చి నాకే గొప్పగా చెప్పారు కదండీ" అంది. నాకు గుర్తే లేదు. ఆమెకు మొదటి క్షణం నుంచీ తెలుసన్నమాట. నేనెప్పుడు చెబుతానా అని చూస్తోందన్నమాట. కాసేపాగి, "చెప్పాల్సింది నాకు కాదుగా" అంది.

తొమ్మిదింటి బస్సుకు విజయవాడ వెళ్లాను. వాడి కింద పనిచేసే పిల్లలిద్దరూ ఉన్నప్పుడే చెప్పాను. వీళ్ల ఎదుటే ఆ రోజు నిన్ను ఒక మాట అన్నాను, ఆ తప్పు నాది, కాలిన వేళ్లు నీవి, అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను. వాడు గోడకేసి చూస్తూ, "పోనీండి మాస్టారూ, ఆ రిలే డబ్బా ఇటందుకోండి" అన్నాడు. అందించాను. ఆ రోజు నుంచి స్టూలు మీద కూర్చోలేదు.

ఇక వాడి పద్ధతిలో పని సాగింది. మాడిన పాత కిట్టంతా తీసి, అవే లూకాస్ రంగుల్లో కొత్త తీగలు లాగాడు. బ్యాటరీ పక్కనే గోధుమరంగు తీగకు ఒక పెద్ద ఫ్యూజు. కొత్త ఇంజను కిట్టుకు వేరే ఫ్యూజు పెట్టె, వేరే రిలేలు. పంపుకు ఒకటి, ఈసీఎంకు ఒకటి, సెల్ఫుకు ఒకటి. పంపు రిలేను ఈసీఎం చేతికే వదిలాడు. ఇంజను ఆగిపోతే పంపు దానంతటదే ఆగుతుంది, కారు దేన్నైనా గుద్దుకున్నా పెట్రోలు ఊరికే కారదు. ఈసీఎం డబ్బాను ఇంజను వేడికీ నీళ్లకూ దూరంగా, పక్కసీటు ముందు, డ్యాష్‌బోర్డు లోపల అమర్చాడు. తీగలు దూరే రంధ్రానికి రబ్బరు వాషరు. పొడవు చాలని చోట అతుకులన్నీ ఒకే దగ్గర గుమిగూడకుండా ఎడంగా వేశాడు. టంకం వేయవేమిరా అంటే, కారు కుదుపుకు టంకం అంచు దగ్గర తీగ విరుగుతుందట, అందుకని లోహపు స్లీవు నొక్కి బిగించాడు. సంధికార్యంలో కూడా ఇన్ని వికల్పాలున్నాయని అప్పుడే తెలిసింది.

పాత కారుకూ కొత్త ఇంజనుకూ మధ్య చివరికి మిగిలిన లంకెలు చాలా కొద్ది. మామగారి పాత తాళం స్విచ్చి అక్కడే ఉంది. కానీ ఇప్పుడు దాని గుండా ఇంజను కరెంటు ప్రవహించదు. రిలేలకు ఆజ్ఞ మాత్రం ఇస్తుంది, ఆ ఆజ్ఞకు ఆంపియరులో చిన్న భిన్నం చాలు. బరువు మోసేది రిలే వెనకనున్న దళసరి తీగ. మామగారి మీటరు పలకలోని ఎర్రదీపం కూడా ఉంది. పూర్వం డైనమో గురించి చెప్పేది, ఇప్పుడు ఆల్టర్నేటరు గురించి చెబుతుంది. ఆ బల్బు మాడిపోతే చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగు సరిగా మొదలుపెట్టవట కనుక అది ఊరికే అలంకారం కాదు. నీళ్ల వేడి చూపే పాత ముల్లుకు పాత సెన్సరే, ఈసీఎంకు దాని సెన్సరు దానికే. ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు.

అన్యదేశ్యం తెలుగులోకి వచ్చేటప్పుడు చివర ఒక ఉకారం చేర్చుకుంటుంది. కార్ కారవుతుంది, ఇంజన్ ఇంజనవుతుంది. పదాన్ని పగలగొట్టనక్కర్లేదు, మన విభక్తులు అతకడానికి చివర ఒక అచ్చు చాలు. ఆ రిలేలను చూస్తే నాకు ఆ ఉకారమే గుర్తొచ్చింది. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఇది. తీగల దగ్గరికొచ్చేసరికి మాత్రం నేనే దాన్ని పక్కనపెట్టి, కొత్త బరువంతా పాత ధాతువు నెత్తిన పెట్టమన్నాను.

నా వంతుగా నేను చేసిందొకటుంది. ప్రతి తీగ చివరా తెలుగులో చీటీ రాసి అతికించాను. పంపు ఆజ్ఞ, సెల్ఫు ఆజ్ఞ, ఎర్రదీపం, నీళ్లవేడి. రెండు రోజుల పని. గుండ్రని చేతిరాతకు బడిలో నాకు కాస్త పేరుండేది. వాడు ఒక్కొక్కటి చదివి, తీగ లాగి సరిచూసి, పైన పారదర్శకమైన టేపు చుట్టాడు.

రెండోసారి స్టార్టయ్యాక ఒక చిన్న జబ్బు మిగిలింది. హెడ్‌లైట్లు వేస్తే ఇంజను గుటకలు మింగేది. స్కానరు పెడితే నీళ్ల వేడి ఒకసారి ఒకటి, మరోసారి ఇంకొకటి చూపేది. ఈసీఎం పోయిందేమోనని నేను హడలిపోయాను. వాడు మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ ఋణధ్రువానికి, రెండోది ఇంజను దిమ్మకు ఆనించి, దీపాలు వేయించి చూశాడు. అర వోల్టుకు దగ్గరగా ఉంది. ఉండవలసింది దాదాపు సున్నా. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక దాని ఎర్తు అల్లిక పట్టీ గుండానే పోవాలి. ఆ పట్టీ బోల్టు కింద కొత్త రంగు పూత ఉండిపోయింది. గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే జబ్బు పోయింది. అందంగా ఉంటుందని ఆ రంగు వేయించింది కూడా నేనే.

మొన్న సంక్రాంతికి రేపల్లె వెళ్లాం. పాత కారులో గేరు స్టీరింగు పక్కన ఉండేది, కొత్త గేరుబాక్సుకు నేల మీద. మా ఆవిడ ఎడమచేయి ఇప్పటికీ ముందు స్టీరింగు దగ్గరికే పోయి, అక్కడేమీ లేక, కిందికి దిగుతుంది. నేను చూడనట్టు ఉంటాను. దారిలో రైలు గేటు పడింది. ఆమె ఇంజను ఆపింది. రైలు వెళ్లింది, గేటు లేచింది. తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగింది, సెల్ఫు తిరిగింది, దీపం ఆరింది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టుగా ముందుకు వంగాను.

"ఇంకా వాసన చూస్తున్నారా?" అంది.